ఒకే నేల, అనేక దస్త్రాలు: భద్రాద్రి మన్యంలో లెక్క తప్పిన చరిత్ర

భద్రాచలం సీతారామచంద్రస్వామి ఆలయం తెలంగాణలో ఉంది. ఆ స్వామి పేరున ఉన్న దాదాపు 890 ఎకరాల మాన్యం మాత్రం పట్టణాన్ని ఆనుకునే ఉన్న పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఆలయ లెక్క ఒక ప్రభుత్వం దగ్గర, ఆ భూమి అడంగల్ మరో ప్రభుత్వం దగ్గర. ఆక్రమణ జరిగితే ఫిర్యాదు ఒక రాష్ట్రంలో పుడుతుంది, చర్య మరో రాష్ట్రంలో జరగాలి. 2014 విభజన తెచ్చిన చిక్కు ఇదొక్కటే అనుకుంటే పొరపాటు. ఖమ్మం మైదానం ముగిసి అడవి మొదలయ్యే ఈ సరిహద్దులో ఒకే నేల గురించి రెండు మూడు దస్త్రాలు రెండు మూడు రకాలుగా చెప్పడం కనీసం నూట అరవై ఏళ్ల నుంచి నడుస్తున్న కథ. ఈ కథలో దోషం దస్త్రాలు ఎక్కువ ఉండటంలో లేదు. ఒక మార్పు జరిగినప్పుడు అది అన్ని దస్త్రాల్లోనూ ఒకే వ్యవహారంగా పడాలన్న నియమాన్ని పదే పదే మధ్యలో వదిలేయడంలో ఉంది. ఆ వదిలేసిన ప్రతిసారీ నష్టపోయింది ఏ దస్త్రమూ తన చేతిలో లేని కోయ, కొండరెడ్డి రైతే. ఈ వ్యాసం నిరూపించదలచుకున్నది ఇదే.

ముందు ప్రతులు ఎందుకు పుడతాయో చూడాలి. దూరం వల్ల పుడతాయి. వెంకటాపురం దగ్గర ఒక చెలక ఎవరిదో తేల్చడానికి ప్రతిసారీ రాజధానిలో పుస్తకం తెరవడం కుదరదు. అందుకే అసలు పుస్తకం ఒకచోట, దాని నకలు ఊళ్లో, మరో నకలు తాలూకా కచేరీలో ఉంటాయి. ఈ రోజు కంప్యూటర్ రంగంలో పనిచేసే మన పిల్లలు రోజూ తలమునకలయ్యే సమస్య సరిగ్గా ఇదే. సమాచారాన్ని వాడేవారికి దగ్గరగా అనేక యంత్రాల్లో నకళ్లుగా ఉంచుతారు. దాన్ని కాష్ అంటారు. చదవడానికి నకలు ఎంత దగ్గరుంటే అంత మేలు. చిక్కంతా రాసేటప్పుడు వస్తుంది. ఒకచోట మార్చి మరోచోట మార్చకపోతే ఇద్దరు మనుషులు ఒకే ప్రశ్నకు రెండు జవాబులు పొందుతారు. ఆ రంగంలో వ్యవహారం అనే భావనకు శాస్త్రరూపం ఇచ్చినవారిలో ముఖ్యుడైన జిమ్ గ్రే, ఆ భావన ఒప్పందాల చట్టం నుంచే వచ్చిందని 1981లో రాశాడు. జరిగితే పూర్తిగా జరగాలి, లేదంటే అసలు జరగనట్టే ఉండాలి, సగంలో ఆగకూడదు అన్నది దాని మొదటి సూత్రం. దాన్ని అనేక చోట్ల ఒకేసారి అమలు చేయడానికి రెండు దశల పద్ధతి ఉంది. ముందు అందరినీ సిద్ధమా అని అడగాలి, అందరూ సరేనన్నాకే ఖరారు చేయాలి, ఒక్కరు కాదన్నా అందరిచోటా రద్దు చేయాలి. రెవెన్యూ కచేరీలో పనిచేసినవారికి ఇందులో కొత్త ఏమీ లేదు. వాళ్ల తాతల కాలం నుంచీ చేయాల్సిన పని ఇదే.

ఈ ప్రాంతపు అత్యంత ప్రసిద్ధ కథ కూడా లెక్కల కథే. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పదిహేడో శతాబ్దంలో గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కింద పాల్వంచ పరగణాకు తహశీల్దారు. వసూలైన శిస్తును భద్రాచలంలో గుడి కట్టడానికి వాడాడని, అందుకే గోల్కొండ ఖైదులో పడ్డాడని జనం చెప్పుకుంటారు. భక్తిపరంగా ఆ కథకు ఉన్న విలువ వేరు. పాలనాపరంగా చూస్తే పరగణా లెక్కలో జమ అయిన సొమ్ము రాజధాని ఖజానా లెక్కలో జమ కాలేదు. రెండు పుస్తకాలు కలవనప్పుడు రాజధాని తన పుస్తకమే నిజమని తీర్మానించింది, శిక్ష పరగణా మనిషికి పడింది. దూరాన ఉన్న పుస్తకానికే ఎప్పుడూ అధికారం ఎక్కువ అన్న పాఠం ఈ నేలకు అప్పటి నుంచే తెలుసు.

అసలు చిక్కు 1860లో మొదలైంది. గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం, రేకపల్లి తాలూకాలను నిజాం ఆ ఏడు బ్రిటిషువారికి అప్పగించాడు. మొదట అవి మధ్య పరగణాల్లోని ఎగువ గోదావరి జిల్లాలో ఉన్నాయి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారాయి. కుడి ఒడ్డున బూర్గంపాడు, పాల్వంచ నిజాం కిందే మిగిలాయి. నది సరిహద్దు అయ్యింది. ఎదురెదురు ఒడ్లలో ఉన్న బంధువులకు ప్రభుత్వాలు వేరు, కచేరీ భాషలు వేరు, నాణేలు వేరు. కుడి ఒడ్డున దస్త్రం ఉర్దూలో నడిచేది, పట్వారి రాసేవాడు, శిస్తు హాలీ సిక్కాలో కట్టేవారు. ఎడమ ఒడ్డున మద్రాసు పద్ధతి, కల్దారు రూపాయి. నూటపదహారు చిల్లర హాలీ రూపాయలైతే వంద కల్దారుకు సమానం. చివరికి సంవత్సరం కూడా ఒకటి కాదు. రెండు ఒడ్లలోనూ లెక్కలు ఫసలీలోనే రాసేవారు. కానీ మద్రాసు ఫసలీ జులై 1న మొదలైతే నిజాం ఫసలీ అక్టోబరు మొదటి వారంలో ఆజూరు మాసంతో మొదలయ్యేది. ఆగస్టులో నది దాటిన ఒక అప్పు పత్రం మీద రెండు ఒడ్లలో రెండు వేర్వేరు ఫసలీలు పడేవి. ఏ పత్రం ముందు, ఏది తరువాత అన్నది తేలకపోతే ఏ హక్కు పెద్దదో తేలదు. యంత్రాల గడియారాలు కలవనప్పుడు సంఘటనల వరుసను ఎలా నిర్ణయించాలన్న ప్రశ్న మీద లెస్లీ లాంపోర్ట్ 1978లో రాసిన పరిశోధన వ్యాసం ఆ రంగానికి పునాది అయ్యింది. గోదావరి ఒడ్డు కరణాలకు, పట్వారీలకు ఆ ప్రశ్న అంతకు శతాబ్దం ముందే ఎదురైంది. జవాబు వెతకాల్సిన అవసరం ఉందని ఏ ప్రభుత్వమూ అనుకోలేదు.

1874 మార్పు ఎంత ప్రమాదకరంగా పరిణమించిందో ఐదేళ్లకే బయటపడింది. మధ్య పరగణాల కింద పోడుకు నడిచిన తేలికైన పద్ధతి మద్రాసు చేతికి రాగానే మారింది. పన్ను పెరిగింది, అడవి మీద ఆంక్షలు వచ్చాయి. 1879లో రంప తిరుగుబాటు లేచినప్పుడు అది రేకపల్లికీ పాకింది. పటం మీద జిల్లా పేరు మారినంత మాత్రాన కొండ మీద మనిషికి ఏ తేడా ఉండకూడదు. అతడి పాత హక్కు కొత్త పుస్తకంలోకి యథాతథంగా ఎక్కాలి. ఎక్కలేదు. ప్రాంతం బదిలీ అయ్యింది, హక్కు బదిలీ కాలేదు. సగంలో ఆగిన వ్యవహారానికి ఈ చరిత్రలో ఇది మొదటి పెద్ద ఉదాహరణ.

అలాగని పాత పాలనకు ఈ సమస్య తెలియదని కాదు. తెలుసు కాబట్టే జమాబందీ పుట్టింది. ఏడాదికోసారి గ్రామాధికారులు తమ లెక్కలన్నీ మూటగట్టుకుని తాలూకా శిబిరానికి వచ్చేవారు. గ్రామ లెక్కకూ తాలూకా లెక్కకూ పద్దు పద్దుగా పోలిక జరిగేది. ఆ ఏడు ఎవరు చనిపోయారు, విరాసత్ ఎవరికి వచ్చింది, ఎవరు అమ్మారు, ఎవరు రాజీనామా ఇచ్చారు, ఏది పడావు పడింది అన్నవన్నీ విడిగా రాసి అధికారి సంతకం చేసేవాడు. తెలంగాణ పద్ధతిలో ఈ మార్పుల పుస్తకం పేరు ఫైసల్ పట్టీ. దాని గొప్పతనాన్ని గుర్తించాలి. పహాణీ ఇప్పుడు ఎలా ఉందో చెబుతుంది. ఫైసల్ పట్టీ అలా ఎలా అయ్యిందో, ఏ ఏడు ఎవరి ఉత్తర్వుతో అయ్యిందో చెబుతుంది. పహాణీలో ఎవరైనా దొంగరాత రాస్తే ఫైసల్ పట్టీలో దానికి పుట్టుక కనిపించదు. ఈ రోజుకీ న్యాయవాదులు సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ, ఆ తరువాతి ఫైసల్ పట్టీలు వరుసగా పెట్టి పట్టా నిజమా కాదా అని తేలుస్తారంటే కారణం ఇదే. జమాబందీలో లోపం ఒక్కటే, అది ఏడాదికోసారి జరుగుతుంది. ఆ మధ్య పన్నెండు నెలలూ ఊరి నకలు, తాలూకా నకలు వేర్వేరుగా ఉండే అవకాశం ఉంది. అయినా ఏడాది చివర తేడా బయటపడుతుందన్న భయం అందరికీ ఉండేది. నిజం ఆలస్యంగానైనా కలిసే ఏర్పాటు అది.

ఇక చట్టాల సంగతి. ఎడమ ఒడ్డున 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూబదిలీ చట్టం తెచ్చింది. ఏజెంటు రాతపూర్వక అనుమతి లేకుండా కొండజాతి మనిషి భూమి ఇతరులకు పోతే ఆ బదిలీ చెల్లదు. కుడి ఒడ్డున నిజాం రాజ్యంలో అలాంటి గట్టి రక్షణ రావడానికి 1940 దశకం దాకా ఆగాల్సి వచ్చింది. ఆ కాలంలోనే పాల్వంచ వైపు, నదికి రెండు ఒడ్లలో ఉన్న కొండరెడ్ల మీద మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ పరిశోధన చేసి 1945లో గ్రంథం ప్రచురించాడు. కలప గుత్తేదార్లకు, వడ్డీ వ్యాపారులకు వాళ్లు ఎలా చిక్కుకున్నారో అందులో ఉంది. తరువాత ప్రభుత్వాలు మారాయి. 1953 అక్టోబరు 1న వరంగల్ నుంచి ఖమ్మం జిల్లా విడివడింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మంలో కలిపారు. ఒకే రాష్ట్రం, ఒకే జిల్లా, ఒకే కలెక్టరు. ఇక తేడాలు పోయినట్టేనని ఎవరైనా అనుకుంటారు. కానీ అదే 1959లో వచ్చిన షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదిలీ నియంత్రణ చట్టం ఆంధ్ర ప్రాంతానికే వర్తించింది. తెలంగాణ ప్రాంతానికి దాన్ని వర్తింపజేసింది 1963 డిసెంబరు 1న. ఆ నాలుగేళ్లూ ఖమ్మం జిల్లాలో ఏరు ఇటువైపు ఒక చట్టం, అటువైపు మరో చట్టం. సరిహద్దు చెరిపేశారు కానీ సరిహద్దు పెట్టిన తేడాను చెరపలేదు. ఏది ఎక్కడ చెల్లుతుందో చదువుకున్నవాడికి తెలుసు, కోయ రైతుకు తెలియదు. ఆ అంతరంలోనే భూమి చేతులు మారింది.

1970లో వచ్చిన సవరణ, జనం నోట ఒకటి బై డెబ్భై, ఈ చరిత్రలో అత్యంత ధైర్యమైన చట్టం. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఎవరు అమ్మినా గిరిజనేతరుడు కొనకూడదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందే భావిస్తుంది. కాదని నిరూపించాల్సిన బాధ్యత అనుభవిస్తున్నవాడిది. సుప్రీంకోర్టు 1988లో పి. రామిరెడ్డి కేసులో దీన్ని సమర్థించింది. న్యాయశాస్త్రంలో సాధారణంగా ఆరోపించినవాడే నిరూపించాలి. ఇక్కడ ఎందుకు తలకిందులు చేశారు? దస్త్రాలను నమ్మలేమని శాసనమే ఒప్పుకుంది కాబట్టి. దశాబ్దాల పాటు నకళ్లు ఒకదానికొకటి కలవక, ఎవరి రాత ఎప్పటిదో తేలక, అనుమానం వచ్చినప్పుడు బలహీనుడి వైపు మొగ్గాలని చట్టం తీర్మానించింది. దస్త్రాలు కుదిరి ఉంటే ఈ నియమం అవసరమే ఉండేది కాదు.

అయినా భూమి పోవడం ఆగలేదు. ఎలా పోయిందో చూడాలంటే ఒక పహాణీ వరుసను దగ్గరగా చదవాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, ఆ పక్కనే అనుభవదారు పేరు, పంట. పట్టాదారు గడిలో కోయ పేరు మారకుండా ఉంటుంది, ఎందుకంటే చట్టం మార్చనివ్వదు. అనుభవదారు గడిలో మాత్రం ఒక ఏడు వేరే పేరు ఎక్కుతుంది. రిజిస్ట్రేషన్ కచేరీలో ఆ అమ్మకం లేదు, తెల్లకాగితం మీద సాదాబైనామాలో ఉంది. సహకార సంఘం అప్పు పుస్తకంలో కొన్నవాడే రైతు. పాస్‌బుక్కులో అమ్మినవాడే యజమాని. ఒకవేళ కేసు పడితే స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కోర్టులో తీర్పు గిరిజనుడి పక్షాన వస్తుంది, భూమి తిరిగి ఇప్పించినట్టు పంచనామా కూడా రాస్తారు, కానీ మరుసటి ఏడు పహాణీలో అనుభవదారు గడి అలాగే ఉంటుంది. తీర్పు ఒక పుస్తకంలో, సాగు మరో పుస్తకంలో. ఒకే ఎకరం గురించి ఐదు చోట్ల ఐదు నిజాలు. ఎవరికి ఏది కావాలో ఆ పుస్తకం నకలు తీసుకుని వాదించుకోవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో ఇంతటి చట్టం ఉన్నా షెడ్యూల్డ్ ప్రాంతాల్లో దాదాపు సగం భూమి గిరిజనేతరుల చేతుల్లో ఉందని ప్రభుత్వ లెక్కలే తేల్చాయి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. భూమి పోయింది దురాశ వల్ల, అధికారుల అవినీతి వల్ల, రాజకీయ బలం వల్ల. పుస్తకాలు కలవకపోవడం దాని ఫలితమే తప్ప కారణం కాదు. దీన్ని రాతకోతల సమస్యగా చూపితే అన్యాయాన్ని చిన్నది చేసినట్టు కాదా? ఈ మాటలో సగం నిజం ఉంది. దురాశ లేకపోతే ఏ దస్త్రమూ ఎవరినీ దోచదు. కానీ దురాశ అన్నిచోట్లా ఉంది, అది పనిచేయడానికి సందు కావాలి. హైదరాబాదులో ఒక ఇంటిని కోర్టు తీర్పుకు విరుద్ధంగా ముప్పై ఏళ్లు అనుభవించడం కష్టం, ఎందుకంటే అక్కడ రెండో పక్షానికి కూడా తన నకలు ఉంటుంది, వకీలు ఉంటాడు, తేడాను ఎత్తిచూపగలడు. మన్యంలో తేడాను ఎత్తిచూపే మనిషి చేతిలో కాగితమే లేదు. రెండు పుస్తకాల మధ్య అంతరం బలవంతుడికి ఆస్తి, బలహీనుడికి గొయ్యి. అందుకే పుస్తకాలను కలపడం కేవలం గుమాస్తా పని కాదు, అది న్యాయం చేసే పని. దురాశను శిక్షించడం ఒకటి, దానికి దొరికే సందు మూయడం మరొకటి. రెండోది చేయకుండా మొదటిది ఎన్నిసార్లు చేసినా ఫలితం నిలవదని యాభై ఏళ్ల ఒకటి బై డెబ్భై అనుభవం చెబుతోంది.

అడవికీ సాగుకూ మధ్య గీత గీసిన చోట ఈ సమస్య మరింత పదునెక్కుతుంది. ఎడమ ఒడ్డున అడవిని 1882 మద్రాసు అటవీ చట్టం కింద, కుడి ఒడ్డున నిజాం అటవీ చట్టాల కింద ప్రకటించారు. 1967లో రెంటినీ కలిపి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది. అటవీ శాఖ పటం ఒకటి, రెవెన్యూ శాఖ పటం ఒకటి. ఒకే చెలక ఒక పటంలో రిజర్వు అడవి, మరో పటంలో పట్టా భూమి. పోడు రైతు ఒక శాఖకు శిస్తు కట్టిన రైతు, మరో శాఖకు ఆక్రమణదారు. 2006 అటవీ హక్కుల చట్టం ఈ రోగాన్ని సరిగ్గా గుర్తించింది. హక్కు నిర్ధారించే పనిని గ్రామసభతో మొదలుపెట్టింది, ఊరి పెద్దల వాంగ్మూలాన్ని సాక్ష్యంగా అంగీకరించింది. 2012లో సవరించిన నియమాలు మరో అడుగు వేసి, హక్కు పత్రం ఇచ్చాక రెవెన్యూ, అటవీ శాఖలు తుది పటం తయారుచేయాలని, ఆ హక్కును సంబంధిత దస్త్రాల్లో ఆలస్యం లేకుండా, ఎంత ఆలస్యమైనా మూడు నెలల్లోపు, ఎక్కించాలని చెప్పాయి. ఇంతకన్నా స్పష్టంగా చెప్పడం కష్టం. హక్కు ఇవ్వడమే కాదు, అది ప్రతి దస్త్రంలోకి చేరినప్పుడే వ్యవహారం పూర్తయినట్టు. తెలంగాణ 2023లో లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచింది, భద్రాద్రి కొత్తగూడెం అందులో పెద్ద వాటా ఉన్న జిల్లా. ఆ పంపిణీ విలువను కొలవాల్సింది ఎన్ని పట్టాలు చేతికిచ్చారన్న లెక్కతో కాదు, ఆ ఎకరాల గురించి రెండు శాఖల పటాలు ఒకే మాట చెబుతున్నాయా లేదా అన్న పరీక్షతో.

రెండో అభ్యంతరం మరింత ఆధునికమైనది. ఇన్ని పుస్తకాలు ఎందుకు, ఒక్కటే పెట్టుకుంటే సరిపోతుంది కదా అన్నది. పట్వారీ పెత్తనం చూసిన తెలంగాణలో ఈ మాటకు బలం ఉంది. పుస్తకం చేతిలో ఉన్న మనిషి ఊరిని ఎలా ఆడించాడో అందరికీ తెలుసు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసినప్పుడు పల్లెలు ఊపిరి పీల్చుకున్నాయి. 2020లో వీఆర్వో పోస్టులను రద్దు చేసి, అక్టోబరు 29న భూదస్త్రాల పోర్టల్ ధరణిని ప్రారంభించినప్పుడు కూడా వాదన అదే. ధరణిలో ఒక మేలు నిస్సందేహంగా ఉండేది. అంతకు ముందు రిజిస్ట్రేషన్ సబ్ రిజిస్ట్రారు దగ్గర అయ్యేది, మ్యుటేషన్ కోసం నెలల తరబడి తహశీల్దారు చుట్టూ తిరగాలి. ఆ మధ్య కాలంలో అమ్మినవాడే ఇంకోసారి అమ్ముకోవచ్చు. ధరణి ఆ రెండింటినీ ఒకే విడతలో, ఒకే చోట పూర్తిచేసింది. సగంలో ఆగని వ్యవహారం అంటే అదే. ఆ పని చేసినందుకు దానికి దక్కాల్సిన మెప్పు దక్కాలి.

కానీ ఒక్క పుస్తకమే ఉండటం న్యాయానికి హామీ కాదని మన్యానికి అందరికన్నా బాగా తెలుసు. వడ్డీ వ్యాపారి ఖాతా పుస్తకం ఎప్పుడూ ఒక్కటే. దానికి నకలు లేదు, దానిలో పరస్పర విరుద్ధమైన పద్దు లేదు, రాత ఎంత నిలకడగా ఉందో అప్పు అంత నిలకడగా పెరిగింది. అప్పుపడ్డ కొండరెడ్డికి తన ఖాతా చూసే హక్కు లేదు, తప్పని అనే వీలు లేదు. ఒకే ప్రతి ఉన్నప్పుడు రాతలన్నీ ఒకదానితో ఒకటి కలుస్తాయి, నేలతో కలవాలన్న నియమం మాత్రం లేదు. ధరణిలో జరిగింది కూడా కొంతమేరకు అదే. 2017 భూరికార్డుల ప్రక్షాళనలో పడిన తప్పులు అందులోకి అలాగే ఎక్కాయి. అనుభవదారు గడి పోయింది. ఊళ్లో పుస్తకం లేదు, పుస్తకం రాసే మనిషి లేడు, తప్పు దిద్దే అధికారం మండల స్థాయిలో లేదు. కంప్యూటరు ముందు కూర్చున్నవాడికి దస్త్రం దగ్గరైంది, కానీ నేల తెలిసినవాడికి దూరమైంది. ఊరి నకలు చేసే పని చదవడానికి వీలివ్వడం మాత్రమే కాదు. కేంద్ర పుస్తకంలో తప్పు పడితే దానికి ఎదురు నిలిచే సాక్ష్యంగా ఉండటం కూడా దాని పనే. నకలు లేనిచోట తప్పు కనిపించదు, ఎందుకంటే పోల్చడానికి రెండోది ఏదీ లేదు. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం అప్పీళ్లకు మళ్లీ చోటిచ్చింది. ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన నాలుగు మండలాల్లో ఖమ్మం జిల్లా నేలకొండపల్లి ఒకటి. అదే ఏడు గ్రామ పాలనాధికారులూ తిరిగి వచ్చారు. ఊరికి మళ్లీ ఒక మనిషి కావాల్సి రావడం వెనకడుగు కాదు, పోల్చి చూసే రెండో కన్ను లేకుండా భూమి లెక్క నడవదన్న గుర్తింపు.

మూడో అభ్యంతరం ఆదివాసీ వైపు నుంచి వస్తుంది, దీన్ని అన్నింటికన్నా శ్రద్ధగా వినాలి. మా హక్కు కాగితం నుంచి పుట్టలేదు, కాగితమే మా భూమి మీదికి తరువాత వచ్చింది. మీరు దస్త్రాల్ని ఎంత చక్కగా కలిపినా అది బయటివాళ్ల రాతే కదా అన్నది. చరిత్ర ఈ మాటను సమర్థిస్తుంది. భద్రాచలం, నూగూరు కొండల్లో మహళ్ల రద్దు 1969లో, రైత్వారీ సెటిల్‌మెంట్ చట్టం 1970లో వచ్చాయి. అంటే మైదానంలో శతాబ్దం కింద జరిగిన సర్వే, సెటిల్‌మెంట్ పని ఇక్కడ నిన్న మొన్నటిది. అంతకు ముందు నుంచీ పోడు చేసుకున్న కుటుంబానికి మొదటి కాగితమే తప్పుగా పడి ఉంటే, ఆ తప్పును పది పుస్తకాల్లో ఒకేలా రాయడం న్యాయం కాదు. అందుకే పుస్తకాలు ఒకదానితో ఒకటి కలవడం సగం పనే. అన్నీ కలిసి నేలతోనూ, ఆ నేల మీద బతికే ఊరి జ్ఞాపకంతోనూ కలవాలి. అటవీ హక్కుల చట్టం గ్రామసభను మొదటి మెట్టుగా పెట్టడంలో ఉన్న వివేకం ఇదే. అసలు ప్రతి ఏది అన్న ప్రశ్నకు అది ఇచ్చిన జవాబు రాజధాని కాదు, తాలూకా కాదు, గ్రామసభ. కాగితాన్ని కాదనడం వల్ల ఆదివాసీకి మేలు జరగదు, ఎందుకంటే ఎదుటివాడు కాగితంతోనే వస్తాడు. కాగితం ఎక్కడ మొదలవ్వాలో నిర్ణయించే అధికారం ఊరికి ఉన్నప్పుడే మేలు జరుగుతుంది.

ఈ సూత్రాలన్నింటికీ 2014 ఒక కఠిన పరీక్ష పెట్టింది. పోలవరం ముంపు కోసం ఏడు మండలాలు ఖమ్మం నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. వీటిలో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం పాత భద్రాచలం తాలూకావి, 1959కి ముందు తూర్పు గోదావరిలో ఉన్నవే. కుక్కునూరు, వేలేరుపాడు కుడి ఒడ్డున నిజాం పాలనలో ఉన్నవి, వాటి పాత దస్త్రాలు ఉర్దూ పహాణీలు. అవి మొదట పశ్చిమ గోదావరిలో, 2022లో ఏలూరు జిల్లాలో చేరాయి. చింతూరు వైపు మండలాలు అదే ఏడు అల్లూరి సీతారామరాజు జిల్లాకు మళ్లాయి. ఎనిమిదేళ్లలో ఒకే పొలం మూడు జిల్లాల పేర్లు చూసింది. ఇది పేర్ల సమస్య అయితే భరించవచ్చు. కానీ ఇవి ముంపు గ్రామాలు, ఎవరి పేరు ఏ గడిలో ఉందన్న దాన్నిబట్టి పరిహారం వస్తుంది, భూమికి భూమి వస్తుంది, లేదా ఏదీ రాదు. అనుభవదారు గడిలో పేరు ఉండి పట్టా లేనివాడు, పోడు చేస్తూ పత్రం రానివాడు, పాస్‌బుక్కు పాత రాష్ట్రంలో ఆగిపోయినవాడు వరుస చివరికి జరుగుతారు. 1874లో జరిగిందే నూటనలభై ఏళ్ల తరువాత మళ్లీ జరిగే ప్రమాదం ఇది. ప్రాంతం బదిలీ అవుతుంది, హక్కు వెనకబడుతుంది.

కంప్యూటర్ శాస్త్రం ఇంకో నిజం చెబుతుంది. దూరాన ఉన్న రెండు ప్రతుల మధ్య దారి తెగినప్పుడు, రెండూ ఒకే మాట మీద ఉండటం, రెండూ ఆగకుండా పనిచేయడం ఒకేసారి కుదరవు. ఒకటి వదులుకోవాలి. ఎరిక్ బ్రూవర్ 2000లో ప్రతిపాదించిన ఈ సూత్రానికి రెండేళ్లకు గణిత నిరూపణ దొరికింది. దారి తెగడం అంటే ఏమిటో గోదావరి లోయకు వివరించనక్కర్లేదు. 1965లో వంతెన వచ్చేదాకా భద్రాచలానికి పడవే దారి. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరినప్పుడు మండలాలకు మండలాలు ప్రపంచం నుంచి విడిపోయాయి. అలాంటప్పుడు ఏ పని ఆగాలి, ఏది ఆగకూడదు అన్నది ముందే తేల్చి పెట్టుకోవాలి. వరద సాయం, రేషన్ ఆగకూడదు, ఊరి నకలును నమ్మి ఇవ్వాలి, తేడాలు తరువాత సరిచూసుకోవాలి. భూమి బదిలీ మాత్రం ఆగాలి, అన్ని పుస్తకాలూ మళ్లీ ఒక మాట మీదికి వచ్చేదాకా ఆగాలి. బియ్యం కొంత ఎక్కువ పంచితే నష్టం ఒక బస్తా. ఎకరం తప్పు పేరుకు ఎక్కితే నష్టం రెండు తరాలు.

ఇంత చరిత్ర చూశాక చేయాల్సిన పనిలో సందేహం లేదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో తీర్పు వచ్చినా, పోడు పట్టా ఇచ్చినా, విరాసత్ జరిగినా, మండలం రాష్ట్రం మారినా ఆ మార్పు రెవెన్యూ, అటవీ, రిజిస్ట్రేషన్, బ్యాంకు, పునరావాస దస్త్రాలన్నింటిలో పడ్డాకే జరిగినట్టు లెక్కించాలి. ఒక్కదానిలో పడకపోయినా అధికారి దాన్ని పూర్తయిన పనిగా చూపకూడదు. పాత రాతను చెరపకుండా, మార్పును మార్పుగా తేదీతో నమోదు చేసే ఫైసల్ పట్టీని కంప్యూటర్లో తిరిగి నిలబెట్టాలి, దాన్ని ఎవరైనా చూసే వీలుండాలి. ఏడాదికోసారి జమాబందీ మళ్లీ జరగాలి, అది తహశీల్ కచేరీలో కాదు, గ్రామసభలో, కోయలో చదివి వినిపిస్తూ జరగాలి. పురుషోత్తపట్నం లాంటి చోట్ల రెండు రాష్ట్రాల అధికారులు ఒకే రోజు, ఒకే బల్ల దగ్గర కూర్చుని లెక్క సరిచూడాలి. ఇందులో దేనికీ కొత్త యంత్రం అక్కర్లేదు, చాలావాటికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. గోదావరికి రెండు వైపులా ఉన్న రెండు ప్రభుత్వాలూ ఈ పని మొదలుపెట్టాలి. మొదలుపెట్టే దాకా అడగడం మన పని.